తలుపు బయట విడిచిన చెప్పులు

ఏ ఊరు వెళ్ళినా నేను మొదట చూసేది గది తలుపు గడియ. గుడి, బజారు, మంచి హోటలు, అన్నీ ఆ తర్వాతే. ఏలూరులో నేను దిగిన లాడ్జి గదికి గడియ ఉంది కానీ, అది దూరాల్సిన చోట కన్నం లేదు. కిందికి వెళ్ళి చెబితే కౌంటరులో ఉన్న పెద్దాయన ఎంతో బాధపడిపోయాడు.

"అయ్యో, నిజమేనండి, ఆ గది గడియ పడదండి. మా వీధిలో భయమేం లేదండి, మీరు హాయిగా పడుకోండి" అన్నాడు.

గది మారుస్తానని మాత్రం అనలేదు. అంత మర్యాదగా చెబితే కోపం తెచ్చుకోవడం ఎలాగో నాకు తెలియలేదు. మా అనంతపురంలో అయితే ఈపాటికి ఇద్దరం అరుచుకుని, గది మారి, టీ కూడా తాగేసేవాళ్ళం. కుర్చీ ఒకటి తలుపుకి అడ్డం పెట్టుకున్నాను.

నా పేరు జయమ్మ. అనంతపురంలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాను. ఇంట్లో నేనొక్కదాన్నే. ఇప్పుడు ఊరూరా తిరిగి, ఆసుపత్రిలోకి ఎవడైనా ఆయుధం పట్టుకుని చొరబడితే డాక్టర్లు, నర్సులు, అటెండర్లు ఏం చెయ్యాలో నేర్పుతున్నాను. నా పాఠంలో నాలుగే మాటలు. వీలుంటే పారిపో. వీల్లేకపోతే దాక్కో. రెండూ కుదరకపోతే ఎదురు తిరుగు. నాలుగోది, ఒకసారి గడియ పెట్టాక ఎవరు పిలిచినా తియ్యకు. మొదటి మూడూ ఎక్కడైనా చెబుతారు. నాలుగోది నేను అనుభవం మీద చేర్చుకున్నాను.

ఆ అనుభవం చెప్పకపోతే ఈ ప్రయాణం మీకు అర్థం కాదు. తొమ్మిదేళ్ళ కింద మా ఆసుపత్రికి ఒకడు నాటు తుపాకీతో వచ్చాడు. పొలాల మీద పడే అడవి పందుల కోసం దాచుకునే రకం. అంతకు ముందు రోజు వాడి తమ్ముడు మా దగ్గర చనిపోయాడు. కింద అంతస్తులో చప్పుడు వినగానే నేను ఆరుగురు నర్సుల్ని ఆపరేషన్ థియేటరు పక్క గదిలోకి తోసి, లోపల గడియ పెట్టాను. అర నిమిషం గడిచిందో లేదో తలుపు కొట్టారు. "అక్కా, నేను సుగుణని. తలుపు తియ్యి." నేను తియ్యలేదు. మళ్ళీ కొట్టింది. తియ్యలేదు. మూడోసారి కొట్టాక తుపాకీ పేలింది.

వాడు మళ్ళీ మందు కూరేలోపు జనం పట్టుకున్నారు. సుగుణ బతికింది. కుడి చేతిలో గుళ్ళు దిగి వేళ్ళు పనికిరాకుండా పోయాయి. కొన్నాళ్ళకి ఉద్యోగం మాని, తన సొంత ఊరు ముదినేపల్లి వెళ్ళిపోయింది. నాకు సభ పెట్టి శాలువా కప్పారు. ఆరుగురి ప్రాణాలు కాపాడానన్నారు, అది అబద్ధం కాదు. ఆ శాలువా విప్పకుండా బీరువాలో పెట్టాను. సుగుణ ఆసుపత్రిలో పడుకుని ఉన్నన్ని రోజుల్లో రెండుసార్లు చూడ్డానికి వెళ్ళాను, రెండుసార్లూ ఆమె మందు మత్తులో ఉన్న వేళ చూసుకుని వెళ్ళాను.

ఈసారి పిలుపు రెండు ఆసుపత్రుల నుంచి వచ్చింది, ఒకటి ఏలూరు, ఇంకొకటి తాడేపల్లిగూడెం. రెండింటి మధ్యా ఒక రోజు ఖాళీ. ఆ ఖాళీ నేను కావాలని అడిగి పెట్టించుకున్నదే. ముదినేపల్లి ఆ పక్కనే.

ఏలూరు

క్లాసు క్యాంటీన్ హాల్లో. ముప్పై మంది దాకా వచ్చారు. తుపాకీ అనగానే అందరూ నవ్వారు.

"మా ఏలూరులో తుపాకీ ఎవరి దగ్గరుంటుందండీ?" అంది ముందు వరసలో కూర్చున్న ల్యాబ్ ఆవిడ. "మహా అయితే కొబ్బరికాయలు కొట్టే కత్తి ఉంటుందండి."

"కత్తి అయినా నేర్చుకోవాల్సింది ఇదేనమ్మా" అన్నాను.

నా సంచిలో చెక్కతో చేయించిన నల్లరంగు తుపాకీ ఒకటి ఉంటుంది. దాన్ని ఆసుపత్రి సెక్యూరిటీ గార్డు మస్తాన్ గారికి ఇచ్చాను. యాభై ఏళ్ళు దాటిన మనిషి, సన్నగా, నెరిసిన గడ్డంతో ఉన్నాడు. తుపాకీని రెండు చేతులా పళ్ళెంలా పట్టుకుని, "ఎలా పట్టుకోవాలండీ దీన్ని?" అని అడిగాడు. చూపించాను. హాలు గుమ్మం నుంచి కోపంగా రావాలని చెప్పాను. వచ్చాడు. రిసెప్షన్‌లో పనిచేసే అమ్మాయి లేచి నిలబడింది.

"రండండి, కూర్చోండి. ఎవరి తాలూకండీ మీరు? పేషెంటు పేరు చెప్పండి" అంది.

మస్తాన్ గారు కూర్చున్నాడు. తుపాకీ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎవరో మంచినీళ్ళు కూడా ఇచ్చారు. హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను కానీ లోపల గుబులు పుట్టింది. ఈ ఊళ్ళో ఎవడు ఎలా వచ్చినా ముందు కూర్చోబెట్టడం అలవాటు. అలవాటు ఒక పూట క్లాసుతో పోతుందా? మా వైపు గట్టిగా ఒకడు అరిస్తే ముందు తలుపేసి, తర్వాత ఎవరని అడుగుతాం. మర్యాద వద్దనడం లేదు, పరుగెత్తుతూ కూడా మర్యాదగా మాట్లాడొచ్చు అని చెప్పాను. ల్యాబ్ ఆవిడ అది పుస్తకంలో రాసుకుంది.

రెండోసారి దాక్కోవడం. పై అంతస్తులో ఐసీయూ పక్కన స్టోరు గది ఉంది. గడియ బ్రహ్మాండంగా ఉంది, నేనే పరీక్షించాను. విజిల్ వెయ్యగానే ఆ గది వంతు వచ్చిన కొద్దిమందీ గబగబా లోపలికి వెళ్ళారు, నేనూ వాళ్ళతోపాటే. లైట్లు ఆపేశాం. ఫోన్లు సైలెంటులో పెట్టాం. ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటున్నారు. ఇంత చక్కగా ఎక్కడా చెయ్యలేదని నాకు ముచ్చటేసింది. మస్తాన్ గారి పని వరండా అంతా వెతికి, మేం ఏ గదిలో ఉన్నామో కనిపెట్టడం. ఆ వరండాలో పదకొండు తలుపులున్నాయి. ఆయన ఒక్క తలుపూ తట్టలేదు. నేరుగా వచ్చి మా తలుపు ముందు ఆగాడు.

"తొమ్మిది మందున్నారండి లోపల" అన్నాడు బయటి నుంచి. "అందులో ఒకరు పెద్దావిడండి."

తలుపు తీశాను. గుమ్మం ముందు తొమ్మిది జతల చెప్పులు వరసగా ఉన్నాయి. ఐసీయూ వైపు వెళ్ళేటప్పుడు చెప్పులు విడవడం అక్కడ పద్ధతి. అందరూ ప్రాణభయం నటిస్తూ పరుగెత్తుకొచ్చి, గుమ్మం దగ్గర ఆగి, చెప్పులు విడిచి, పద్ధతిగా లోపలికి వెళ్ళారు. చివర్లో ఉన్న మెత్తటి నల్లజత నాది. నేనూ విడిచాను. విడిచినట్టు నాకే తెలియలేదు.

"మా నాన్నగారు తివాచీలు నేసేవారండి" అన్నాడు మస్తాన్ గారు, ఏదో తప్పు చేసినవాడిలా. "ముడులు లెక్కెట్టి లెక్కెట్టి మా ఇంట్లో అందరికీ అదే అలవాటైపోయిందండి. ఏం కనబడ్డా లెక్కెట్టేస్తానండి."

అందరూ నవ్వుకుంటూ ఎవరి చెప్పులు వాళ్ళు వేసుకున్నారు. నేను గోడకి ఆనుకుని నిలబడిపోయాను. తొమ్మిదేళ్ళుగా నన్ను తొలిచేసిన ప్రశ్న ఒకటి ఉంది. మా ఆసుపత్రిలో అన్ని గదులుండగా వాడు నేరుగా మా తలుపు దగ్గరికే ఎందుకు వచ్చాడు? సుగుణ గొంతు విని వచ్చాడని నాకు నేను చెప్పుకున్నాను. ఒక రకంగా ఆ తప్పు ఆమె మీదే పెట్టాను. థియేటరు పక్క గది ముందు ఏడు జతల చెప్పులు వరసగా విడిచి ఉన్నాయని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. వాడిని పిలిచింది సుగుణ కాదు. మేం పిలిచాం. మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చినవాడికి మధ్యలో సుగుణ నిలబడి ఉంది.

"ఏవండీ, మంచినీళ్ళేమైనా తాగుతారా?" అని అడిగాడు మస్తాన్ గారు. వద్దన్నాను.

సాయంత్రం బజారులో తిరిగాను. తివాచీల దుకాణం ఒకటి చూశాను, ధర అడిగి గౌరవంగా వెనక్కి వచ్చేశాను. హోటల్లో పెసరట్టు, లోపల ఉప్మా పెట్టి ఇచ్చారు, అరవై రూపాయలు. అల్లం పచ్చడి తియ్యగా ఉంది. ఇక్కడ పచ్చళ్ళలో కూడా బెల్లం వేస్తారు. మా ఉగ్గాని, మిరపకాయ బజ్జీ గుర్తొచ్చాయి. నా బల్ల చుట్టూ నాలుగు కుర్చీలుంటే, సర్వరు వచ్చి "ఇంకా ఎవరైనా వస్తారాండీ?" అని అడిగాడు. ఎవరూ రారని చెబితే మూడు కుర్చీలు తీసుకెళ్ళి పక్క బల్లకి వేశాడు. అతనిది మర్యాదే, కానీ ఆ తర్వాత అట్టు సగం మిగిలిపోయింది.

కొల్లేటి మీదుగా

పొద్దున కైకలూరు బస్సెక్కాను. ఊరు దాటిన కాసేపటికి రోడ్డుకి రెండు వైపులా నీళ్ళే. కొల్లేరంటే నేను ఒకటే పెద్ద చెరువు అనుకున్నాను. చూస్తే గట్లు, గట్ల మధ్య చేపల చెరువులు, వాటిలో నీళ్ళకి గాలి పట్టించడానికి గిరగిర తిరిగే చక్రాలు, అక్కడక్కడా గుర్రపు డెక్క కమ్ముకున్న కాలవలు. గాలిలో పచ్చి చేప వాసన. మా ఊళ్ళో ఒక బిందె నీళ్ళ కోసం కొట్టుకునేవాళ్ళని చూసి పెరిగిన కళ్ళకి ఇన్ని నీళ్ళు చూస్తే కొంచెం ఒళ్ళు మండింది కూడా.

నా పక్కన ఒకావిడ కూర్చుంది. కూతుర్ని చూడ్డానికి కైకలూరు వెళుతోందట. నేను మంచినీళ్ళ సీసా కోసం సంచి తెరిస్తే, సీసాకంటే ముందు తుపాకీ బయటికి వచ్చింది. గబుక్కున లోపలికి తోశాను. ఆవిడ మాత్రం తొణకలేదు.

"మనవడికాండీ?" అని అడిగింది.

ఏం చెప్పను? "అవునండి" అన్నాను. నాకూ ఆ అండీ అంటుకుంది.

"ఎన్నేళ్ళండీ?"

"ఆరు."

"అల్లరి చేస్తాడాండీ?"

"బాగా చేస్తాడు" అన్నాను. కైకలూరు వచ్చేదాకా లేని మనవడి గురించి చెబుతూనే ఉన్నాను. వాడికి పాలు పడవు, లెక్కలు బాగా వస్తాయి, రాత్రి నా పక్కనే పడుకుంటాడు. ఆవిడ దిగేటప్పుడు రెండు చక్కెరకేళి అరటిపళ్ళు నా చేతిలో పెట్టి, "బాబుకి పెట్టండి" అంది. ఆ పళ్ళు తినడానికి సిగ్గేసింది, పారెయ్యడానికి మనసు రాలేదు. సంచిలో తుపాకీ పక్కనే పెట్టుకున్నాను.

కైకలూరు నుంచి ముదినేపల్లికి ఎంతో దూరం లేదు. నేను నేరుగా వెళ్ళకుండా ఆటో మాట్లాడుకుని ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్ళాను. పక్షుల మీద ప్రేమతో కాదు, పిరికితనంతో. పడవలో నేనొక్కదాన్నే. గూడబాతులు చెట్ల మీద గుంపులు గుంపులుగా కూర్చుని, ముక్కు కింద తిత్తులు వేలాడేసుకుని, మమ్మల్ని లెక్కచెయ్యలేదు. పడవాయన తెడ్డు ఆపి నన్ను పరకాయించి చూశాడు.

"ఫోటోలు తీసుకోరాండీ? అందరూ తీసుకుంటారండి."

"ఎవరికి చూపించను?" అన్నాను. ఊరికే అన్నమాట, కానీ అది వినగానే ఆయన నా ఫోను తీసుకుని, నన్నూ పక్షుల్నీ కలిపి నాలుగు ఫోటోలు తీసిచ్చాడు. నాలుగింటిలోనూ నేను గట్టు వైపే చూస్తున్నాను.

ముదినేపల్లి

సుగుణ అక్కడ చేపల మందుల షాపు పెట్టిందని పాత నర్సులెవరో చెప్పారు. ఆ షాపు ఎక్కడని అడిగితే బస్టాండులోనే చూపించారు. రోడ్డు పక్కన చిన్న షాపు, మేత బస్తాలు, సున్నం సంచులు, డబ్బాలు. కౌంటరు వెనక సుగుణ. జుట్టు సగం నెరిసింది. ఒక రైతు కవరులో చేపపిల్ల తెచ్చి చూపిస్తున్నాడు. ఆమె దాన్ని ఎడమ చేత్తో తిరగేసి చూసి, "చేప పేనండి ఇది. చెరువంతా పట్టేసుంటుంది. ఈ మందు పొద్దున్నే చల్లండి, ఎండెక్కాక వద్దు" అంది. వార్డులో మందులు చెప్పే గొంతే. అతను వెళ్ళాక తలెత్తి నన్ను చూసింది. గుర్తుపట్టడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

"రండండి. కూర్చోండి" అంది.

ఆ అండీ వినగానే గుమ్మంలోనే ఆగిపోయాను. సుగుణ మా ఆసుపత్రిలో చేరిన కొత్తలో అందరినీ అండీ అనేది. వార్డు బాయ్‌ని కూడా. ఏడిపించి ఏడిపించి, అక్కా అనూ, నువ్వనూ అని నేనే మాన్పించాను. ఏడాది పట్టింది ఆమెకి నన్ను నువ్వనడానికి. తలుపు బయటి నుంచి పిలిచింది కూడా అక్కా అనే. ఇప్పుడు తన ఊళ్ళో తన షాపులో, దారిన పోయేవాళ్ళతో మాట్లాడినట్టే నాతో మాట్లాడింది.

కూర్చున్నాను. నీళ్ళిచ్చింది. ప్రయాణం ఎలా జరిగింది, ఎండలు ఎలా ఉన్నాయి అని అడిగింది. చేపలకి మందులివ్వడం ఎలా ఉందని నేను అడిగాను.

"మనుషులకంటే నయమండి. చచ్చిపోతే వీటి తాలూకు వాళ్ళెవరూ రారు" అంది. నవ్వలేదు.

మధ్యాహ్నం షాపు వెనకే ఉన్న ఇంట్లోకి తీసుకెళ్ళింది. ఆమె తమ్ముడి భార్య కొర్రమేను పులుసు వండింది. చింతపండు తక్కువ, ఉల్లిపాయ ఎక్కువ, ముక్క వెన్నలా మెత్తగా ఉంది. అంత మంచి చేప నేను జన్మలో తినలేదు. సుగుణ ఎడమ చేత్తో చెంచా పట్టుకుని తింది. కుడి చెయ్యి కంచం అంచు కదలకుండా ఆనించి పెట్టింది. ముళ్ళు తీసే పని తమ్ముడి భార్య చేసింది, ఎవరూ చెప్పకుండానే. అది చూశాక నా కంచంలో అన్నం కదలలేదు.

తిన్నాక ఇద్దరమే ఉన్నప్పుడు చెప్పాను. క్షమాపణ మాటలు దారంతా సిద్ధం చేసుకున్నాను, అవి నోటికి రాలేదు. ఏలూరులో మస్తాన్ గారు, తొమ్మిది జతలు, మా గది ముందు ఏడు జతలు, అన్నీ చెప్పాను. "వాడు నీ గొంతు విని రాలేదు సుగుణా. మా చెప్పులు చూసి వచ్చాడు. ఇన్నాళ్ళూ నేను వేరేగా అనుకున్నాను."

"నాకు తెలుసండి" అంది. "వరండాలో రెండు తలుపులు దాటొచ్చాడు. మన గది ముందు ఆగాడు. కిందికి చూశాడు. చెప్పులు చూసి, అప్పుడు నన్ను చూశాడండి."

"ఎవరికీ చెప్పలేదేం?"

"ఎవరు అడిగారండీ?"

నిజమే. పోలీసులు వాడి గురించి అడిగారు, పేపర్లవాళ్ళు నా గురించి అడిగారు. నేను ఏమీ అడగలేదు.

"తలుపు తీసుంటే వాడు లోపలికి వచ్చేవాడు" అన్నాను. అడగకుండానే చెప్పాను, కోర్టులో చెప్పినట్టు.

"తియ్యకపోవడం తప్పని నేను అన్లేదండి. ఏడుగురున్నారు, తియ్యకూడదు. నేనైనా తియ్యను." కుడి చేతి వేళ్ళని ఎడమ చేత్తో నిమురుకుంది. "కానీ వెనక మెట్లు పది అడుగుల్లో ఉన్నాయండి. దిగి పోయేదాన్ని. మీరు తీస్తారనుకుని నిలబడ్డాను. ఇంకెవరైనా లోపలుంటే ఒకసారి కొట్టి పోయేదాన్నేమో. మీ చెప్పులు చూసి, మీరున్నారని మూడుసార్లు కొట్టానండి."

బయట ఎవరో రైతు వచ్చి పిలిచాడు. ఆమె వస్తున్నానని చెప్పి లేవలేదు.

"లోపల్నుంచి ఒక్క మాట చెప్పుంటే సరిపోయేదండి. తియ్యం, వెనక మెట్లమీంచి పో అని. అంతే."

"లోపలున్నవాళ్ళు చప్పుడు చెయ్యకూడదు. అది రూలు."

"చెప్పులు చెప్పేశాయి కదండీ. ఇంకా మౌనం దేనికి?"

ఇన్నేళ్ళ నా క్లాసులన్నీ ఆ ఒక్క మాట ముందు నిలబడలేకపోయాయి. లోపలున్నవాళ్ళకే నేను పాఠం చెబుతూ వచ్చాను. గడియ ఎలా పెట్టాలో, ఎంతసేపు ఓర్చుకోవాలో. బయట ఉండిపోయిన మనిషికి నా దగ్గర ఒక్క వాక్యం కూడా లేదు. ఆమెకి నా పాఠంలో చోటే పెట్టలేదు.

"నీ మాట నా క్లాసులో చెబుతాను. నీ పేరు చెప్పొచ్చా?" అని అడిగాను.

"పేరొద్దండి. బయట ఉండిపోయినావిడ అనండి, చాలు."

బస్టాండుదాకా వచ్చి నన్ను ఎక్కించింది. కిటికీలోంచి ఆ రెండు అరటిపళ్ళు ఇచ్చాను. ఎవరి కోసమని అడగలేదు. తీసుకుంది, జాగ్రత్తగా వెళ్ళిరండి అంది. బస్సు కదిలాక వెనక్కి తిరిగి చూస్తే ఆమె అప్పటికే షాపు వైపు నడుస్తోంది. అక్కా అని పిలుస్తుందేమోనని చూశాను. పిలవలేదు. నాకు ఏడుపొచ్చింది, భీమవరం దాకా ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

తాడేపల్లిగూడెం

ఈ ఊరికి ఉల్లిపాయల వాసన. మార్కెట్టు దగ్గర లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. మా వైపు నుంచి కర్నూలు ఉల్లి కూడా ఇక్కడికే వస్తుందని టీ కొట్టాయన చెప్పాడు. సొంత మనిషి కనబడినట్టు ఒక బస్తా వైపు చూస్తూ టీ తాగాను.

ఆసుపత్రిలో పాతిక మంది. మామూలు నాలుగు మాటలూ చెప్పాను. తర్వాత బయట ఉండిపోయినావిడ గురించి చెప్పాను. ఎవరూ నవ్వలేదు. గడియ వేసే ముందు చెప్పులు లోపలికి తీసుకోమన్నాను. లోపల ఎవరో ఒకరు తలుపు దగ్గరే ఉండాలి, బయట మనవాళ్ళెవరైనా తలుపు తడితే, ప్రమాదం ఇంకా దూరంగా ఉంటే, ఒక్కసారి, ఒక్క మాటలో దారి చెప్పాలి. బయటున్నవాళ్ళు రెండోసారి తట్టకూడదు. ప్రమాదం గుమ్మం దాకా వచ్చేస్తే ఏం చెయ్యాలని ఒక డాక్టరు అడిగాడు. తెలియదని చెప్పాను. క్లాసులో నాకు తెలియదని చెప్పడం అదే మొదలు.

బయట మనిషిగా నేనే ఉంటానన్నాను. విజిల్ వేశారు. అందరూ పరుగెత్తారు. ఈసారి చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళారు. గడియ పడిన చప్పుడు వినబడింది. వరండాలో నేనొక్కదాన్నే మిగిలాను. గుమ్మం ముందు చెప్పులు లేవు, ఏ తలుపు చూసినా ఒకేలా ఉంది. ఆ పాతిక మందీ ఎక్కడున్నారో తెలిసినా, ఎవరూ లేనట్టే ఉంది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి తలుపుకి ఇటువైపు నిలబడ్డాను.

తట్టాను.

"ఏవండీ" అంది లోపలి నుంచి ఒక ఆడగొంతు, మెల్లగా, స్పష్టంగా. "తలుపు తియ్యమండి. ఇక్కడ నిలబడకండి. మీ ఎడమ చేతి వైపు వెనక మెట్లున్నాయండి. దిగి వెళ్ళిపోండి."

నాటకమని తెలుసు. అయినా ఇంకోసారి తట్టాలని చెయ్యి లేచింది. దింపుకుని, ఎడమ వైపు తిరిగి పరుగెత్తాను. అరవై ఏళ్ళ మోకాళ్ళతో రెండు అంతస్తులు దిగి, జనరేటరు పక్కన వెనక పెరట్లో తేలాను. రొప్పుతూ అక్కడే మెట్టు మీద కూర్చుని సుగుణకి ఫోను చేశాను.

"తలుపు తియ్యలేదు" అన్నాను. "కానీ లోపలి నుంచి చెప్పారు సుగుణా, ఎటు పోవాలో. పరుగెత్తి వచ్చాను."

అటు షాపు ముందు లారీ పోతున్న చప్పుడు వినబడింది.

"చెప్పిందెవరండీ?" అని అడిగింది.

"ఎవరో స్టాఫ్ నర్సు."

"పేరేంటండీ?"

"అడగలేదు."

"అడిగి చెప్పండి" అంది. "నాకు ఆ పేరు కావాలండి."

ఫోను అలాగే పట్టుకుని మళ్ళీ రెండు అంతస్తులూ ఎక్కాను. తలుపు తీసేశారు, అందరూ చెప్పులు వేసుకుంటున్నారు. తలుపు దగ్గర మాట్లాడిందెవరని అడిగాను. తప్పేమైనా చేశానేమో అన్నట్టు ఒక బక్కపలచటి అమ్మాయి ముందుకొచ్చింది. పేరు చెప్పింది.

"పద్మ" అని ఫోనులో చెప్పాను.

"పద్మ" అంది సుగుణ, తనలో తాను చెప్పుకున్నట్టు. ఫోను పెట్టేసింది.

ఇంటికొచ్చి వారమైంది. నా క్లాసు కాగితంలో ఐదో మాట చేరింది, బయట ఉండిపోయిన మనిషికి దారి చెప్పు అని. సుగుణ కోరినట్టే దాని కింద ఎవరి పేరూ లేదు. తొమ్మిదేళ్ళ కింద సుగుణ కొట్టిన తలుపు వెనక ఉన్నది నేను. సుగుణ ఇన్నాళ్ళూ తల్చుకోదగిన పేరు నాది కావాల్సింది.